కలంకారీ వస్త్రంపై కానరాని పక్షి

కలంకారీ అనే మాటను ఉర్దూ చదివే మన విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. కలం అంటే లేఖిని. కారీ అంటే పనితనం. శ్రీకాళహస్తి కళాకారులు వెదురు కలంతో పురాణగాథలు చిత్రించగా, మచిలీపట్నం, పెడన ప్రాంతాలవారు చెక్క అచ్చులతో లతలను, పుష్పాలను, పక్షులను అద్దారు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుండి పారసీక దేశానికి వెళ్ళిన వస్త్రాలపై ఉర్దూ కవులకు ప్రియమైన సర్వ్ వృక్షం కూడా చోటు చేసుకుంది.

ఈ వస్త్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది జీవవృక్షం. ఒకే చెట్టు, కొమ్మకొక జాతి పువ్వు, నెమళ్ళు, చిలుకలు. అటువంటి చెట్టు ఏ అడవిలోనూ లేదు. కల్పన దోషం కాదు. నెమళ్ళు మాకూ ఇష్టమే. అయితే ఊహలోని చెట్టుకు అడవితో పని లేదు. అడవి తరిగిపోయినా అచ్చు అరగదు.

వస్త్రానికి ప్రకృతితో గల నిజమైన బంధం రంగులలో ఉండేది. గుడ్డను కరక్కాయ రసంలోను పాలలోను తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసిన కసిం దానిపై తగిలితే నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపునిచ్చేది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన పిదప చిరివేరు క్రమంగా వెనుకబడింది. మొక్క నశించలేదు గాని, దాని పని పోయింది. కొనేవారి కంటికి ఎరుపు ఎరుపుగానే ఉన్నది కనుక ఎవరూ చింతించలేదు.

ఇక పక్షి మాట. జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు కనుగొనగా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి, 1900 తర్వాత కానరాక, అంతరించినదిగా భావింపబడింది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో, పక్షులు పట్టే ఒక స్థానికుని చేతికి అది చిక్కింది. గ్రంథాలు అది లేదన్న కాలంలోనూ కలివి పొదల పేరిట దాని తెలుగు పేరు పల్లెవాసుల నోట నిలిచే ఉండటం గమనార్హం. నేడది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతి. దాని నివాసం దట్టమైన అరణ్యం కాదు. ముళ్ళపొదలు, వాటి నడుమ రాతినేల. మన వాడుకలో దానికి బంజరని పేరు. బంజరు పోతే విచారించేవారెవరు?

ఈ పక్షిని వస్త్రంపైకి తేవాలని మా అభిప్రాయం. కాని దీనిని జీవవృక్షం కొమ్మపై నిలిపితే అసత్యమవుతుంది. ఇది నేలపై పరుగెత్తే పక్షి, రాత్రించరం. పక్షిని చిత్రించదలచినవాడు ముళ్ళపొదను, రాతినేలను, చీకటిని కూడా చిత్రించక తప్పదు. రంగులకు మాత్రం కొరత లేదు. రాత్రికి కసిం నలుపు చాలు. రొమ్ముపై రెండు గోధుమవర్ణపు పట్టీలకు కసిం, పటిక కలిపి అద్ది ఎర్రరంగులో ఉడికించవచ్చు. పట్టీల నడుమ తెలుపు గుడ్డదే. పసుపుపచ్చని కాళ్ళకు దానిమ్మ తొక్క ఉన్నది. నీలిమందు అవసరమే రాదు.

కష్టమంతా అచ్చు చెక్కేవారిది. ఖాళీ కనిపించిన చోటనెల్లా తీగ అల్లడం వారికి తరతరాల అలవాటు. ఇక్కడ పొదకు పొదకు మధ్య నేలను ఏమీ అద్దకుండా విడిచిపెట్టాలి. కలివికోడి తిరిగేది అక్కడే.