క్రిప్టోలో నష్టపోయినా పన్ను తప్పదా?

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. 2025-26లో ఒక కాయిన్‌ 40 వేలకు కొని లక్షకు అమ్మాను. ఇంకొకటి 2 లక్షలకు కొని 1.20 లక్షలకే వదిలించుకున్నాను. లెక్క చూస్తే చేతిచమురే వదిలింది. పైగా జీతం 12 లక్షల లోపే. ఇవన్నీ రిటర్నులో చూపాలా?

జవాబు: చూపాలి. పన్నూ కట్టాలి.

2022 ఏప్రిల్‌ నుంచి క్రిప్టో లాభాల మీద నేరుగా 30 శాతం పన్ను పడుతోంది. దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసేయనివ్వరు. ఒక కాయిన్‌ నష్టాన్ని ఇంకో కాయిన్‌ లాభంలో సర్దుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. కాబట్టి మీ 80 వేల నష్టం లెక్కలోకే రాదు. 60 వేల లాభం మీద పన్ను 18,000, సెస్సు 720, కలిపి 18,720 రూపాయలు. షేర్లలో నష్టపోయినవారికి ఉన్న వెసులుబాటు ఇక్కడ లేకపోవడం అన్యాయమే అనిపిస్తుంది నాకు. కానీ చట్టం మారేదాకా కట్టక తప్పదు.

12 లక్షల దాకా పన్ను లేదన్న మాట నమ్మి చాలామంది ఇక్కడే బోల్తా పడుతున్నారు. కొత్త విధానంలోని ఆ రిబేటు ప్రత్యేక రేటు పడే ఆదాయాలకు వర్తించదు. జీతం మీద పన్ను సున్నా అయినా క్రిప్టో పన్ను అలాగే నిలుస్తుంది.

కాస్త ఊరట ఏమిటంటే, దేశీయ ఎక్స్ఛేంజీలో అమ్మి ఉంటే 1 శాతం టీడీఎస్‌ ముందే కోసుకుని ఉంటారు. ఇది లాభం మీద కాదు, అమ్మిన సొమ్ము మీద. మీ రెండు అమ్మకాలకూ 2,200 పోయి ఉంటుంది. ఫారం 26ఏఎస్‌లో అది కనబడితే మిగిలిన 16,520 కడితే సరి. మీరు చెప్పకపోయినా శాఖకు తెలిసేది కూడా ఆ టీడీఎస్‌ వల్లే.

ఐటీఆర్‌-1 మీకు పనికిరాదు. వ్యాపారం లేదు కనుక ఐటీఆర్‌-2 తీసుకుని, అందులోని వీడీఏ (వర్చువల్‌ డిజిటల్‌ ఆస్తులు) షెడ్యూలులో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన సొమ్ము ఒక్కో లావాదేవీకి ఒక్కో వరుసలో నింపాలి. నష్టం వచ్చినదీ రాయండి. బిట్‌కాయిన్‌ ఇచ్చి ఈథర్‌ తీసుకున్నా అమ్మకం కిందే లెక్క, బ్యాంకులోకి రూపాయి రాకపోయినా. భార్య పేరు మీదికి మార్చి అమ్మినా ఆ లాభం మీ ఆదాయంలోనే కలుస్తుంది.

పాత ఏళ్లవి చూపకుండా వదిలేసి ఉంటే అప్‌డేటెడ్‌ రిటర్ను వేయవచ్చు. అసెస్‌మెంట్‌ ఏడాది ముగిశాక 4 ఏళ్ల దాకా గడువుంది. కానీ పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి ఏడాదైతే 25 శాతం, తర్వాత వరుసగా 50, 60, 70 శాతం కట్టాలి. తప్పుడు వివరాలిచ్చి దొరికితే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు.

లావాదేవీల స్టేట్‌మెంటు ఇప్పుడే డౌన్‌లోడ్‌ చేసి పెట్టుకోండి. 2024 జులైలో హ్యాకింగ్‌ తర్వాత వజీర్‌ఎక్స్‌ ఎక్స్ఛేంజీ ఖాతాదారులు నెలల తరబడి తమ కాయిన్లే తీసుకోలేకపోయారు. కొన్న ధరకు రుజువు చూపాల్సింది మీరే, ఎక్స్ఛేంజీ కాదు.