అంకెలు చదివే రేడియోలు



మన హాస్టల్ రేడియో మీద ఎం.డబ్ల్యు. అనీ, ఎస్.డబ్ల్యు. అనీ రాసి ఉంటుంది. మొదటిది మీడియం వేవ్. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిని మన పెద్దలు 837 కిలోహెర్ట్జ్ దగ్గర విన్నది ఇందులోనే. రెండోది షార్ట్ వేవ్. ఈ పొట్టి తరంగాలు పైకి పోయి, అయనావరణంలో వంగి, ఎంతో దూరాన మళ్లీ నేలకు దిగుతాయి. అందుకే సముద్రం అవతలి రేడియో సిలోన్ నుంచి తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మన పల్లెలదాకా వచ్చేవి.

షార్ట్ వేవ్‌లో పేరు చెప్పని స్టేషన్లు కూడా ఉన్నాయి. రష్యాది ఒకటి 4625 కిలోహెర్ట్జ్ మీద రాత్రీ పగలూ బర్రుబర్రుమని మోగుతుంది. ఎప్పుడో ఒకసారి మనిషి గొంతు పేర్లూ అంకెలూ చదివి ఆగిపోతుంది. ఇంకొకటి ఇంగ్లీషు జానపద పాట బాణీ వాయించి, ఆడగొంతుతో ఐదేసి అంకెలు చదివేది. అది 2008లో ఆగింది. ఇలాంటివాటిని నంబర్ స్టేషన్లు అంటారు. గూఢచారులకు కబురు పంపే పద్ధతి ఇది. 1998లో అమెరికాలో పట్టుబడ్డ క్యూబా గూఢచారుల కేసులో ఈ సంగతి కోర్టుకే ఎక్కింది.

అందరూ వింటుంటే రహస్యం ఎలా? లెక్క చేద్దాం. పంపాల్సిన అంకె 7. ఇద్దరి దగ్గరే ఉన్న చీటీలో అంకె 5. కలిపితే 12. పదుల స్థానం వదిలేస్తే 2. రేడియోలో 2 అని చదువుతారు. అవతలివాడు 10 అప్పు తెచ్చుకుని, 12లోంచి 5 తీసేసి 7 రాసుకుంటాడు. చీటీ లేనివాడికి ఆ 2 వెనక ఏ అంకైనా ఉండొచ్చు. ఒకసారి వాడిన చీటీ కాల్చేస్తారు.

మరి సరదాకొద్దీ వినేవాళ్లు ఏం కనిపెట్టారు? లోపలి మాట విప్పలేకపోయారు. కానీ తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ రోజూ రాసుకున్నారు. ఏరియల్ తిప్పి ఏ దిక్కు నుంచి వస్తోందో గుర్తించారు. వేర్వేరు ఊళ్ల నుంచి మ్యాపు మీద గీసిన గీతలు ఒకచోట కలుస్తాయి కదా! అలా ఆ పాట స్టేషన్ సైప్రస్ దీవిలోని బ్రిటిష్ వైమానిక స్థావరంలో ఉందని తేల్చారు.

చీటీ లేకుండానే రహస్యం దాచినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో నవాహో గిరిజనుల పిల్లలు బోర్డింగ్ స్కూళ్లలో సొంతభాష మాట్లాడితే శిక్షించేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, 29 మంది నవాహోలు అదే భాషలో రేడియో కోడ్ తయారుచేశారు. అందులో ట్యాంకును తాబేలు అనేవారు. జపాన్ వాళ్లు విన్నారు గానీ విప్పలేకపోయారు. మా తండా భాషకు లిపి లేదని నవ్వే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మా అమ్మ మాట నాకు సిగ్గు కాదు.

వినడమే కాదు, మాట్లాడాలని కూడా ఉంటే హామ్ లైసెన్సు పరీక్ష ఉంది. 12 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు. ఈ విద్య కోసమే 1983లో హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది.

వార్డెన్ గారికి మనవి: ఆదివారం రాత్రి అరగంట షార్ట్ వేవ్ వినడానికి అనుమతి ఇప్పించండి. తేదీ, టైము, కిలోహెర్ట్జ్, భాష, ఎంత బాగా వినిపించింది అని అయిదు గడులు గీసిన నోటుబుక్కు నేను తెస్తాను.