కొండను నదితో చదువు

చిరంజీవి మనవరాలికి,

భూగోళశాస్త్రంలో హిమాలయాలు మొదలుపెట్టి శిఖరాల పేర్లు, ఎత్తులు కంఠస్థం చేస్తున్నావట. మంచిదే తల్లీ, కానీ ఆ పట్టికతో హిమాలయం అర్థం కాదు. దేశానికి ఉత్తరాన నిలబెట్టిన గోడ అని బడిలో నేర్పుతారు. గోడే అయితే దాని అవతల పడ్డ నీరు అవతలికే పోవాలి. మరి సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర మూడూ అవతల కైలాస మానససరోవరాల చుట్టుపక్కల పుట్టి, కొండను చీల్చుకుని ఇవతలికి ఎలా వస్తున్నాయి? నీ చదువు ఈ ప్రశ్న దగ్గర మొదలవ్వాలి.

నేపాల్‌లోని కాళీగండకిని చూడు. టిబెట్ సరిహద్దు దగ్గర ముస్తాంగ్‌లో పుట్టి దక్షిణానికి దిగుతుంది. ఒక పక్క ధవళగిరి, 8,167 మీటర్లు. మరో పక్క అన్నపూర్ణ, 8,091 మీటర్లు. రెంటికీ మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు. ఆ నడుమ నది దాదాపు 2,500 మీటర్ల ఎత్తునే పారుతోంది. అంటే ఐదున్నర కిలోమీటర్ల లోతైన లోయ! మన ఇళ్లలో అభిషేకం చేసే సాలగ్రామం ఈ నదిలోదే. లోపలి భాగం కనిపించే రాయి దొరికితే అరచేతిలో పెట్టుకుని చూడు. నత్తగుల్లలా లోపలికి తిరిగిన చుట్లు, చుట్ల మీద సన్నని గాడులు. కోట్ల ఏళ్ల కిందట టెథిస్ అనే సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి అచ్చు అది. ఇది తెలిసినంత మాత్రాన భక్తికి వచ్చే లోటేమీ లేదు. సముద్రపు అడుగు కొండగా లేచిందనీ, ఆ కొండను నది కోస్తోందనీ ఒక్క రాయే చెబుతోంది.

ఇంకో సాక్ష్యం అరుణ్ నది. టిబెట్‌లో ఎవరెస్టుకు ఉత్తరాన పారి, మకాలు, కాంచనగంగల నడుమ నుంచి దిగి కోసీ నదిలో కలుస్తుంది. 1933లో ఎవరెస్టు ఎక్కబోయిన బృందంలోని భూగర్భ శాస్త్రవేత్త లారెన్స్ వేజర్, ఈ నది కొండలకంటే పాతదని 1937లో వాదించాడు. నేల లేస్తున్నకొద్దీ నది కిందికి కోసుకుంటూ తన దారి వదల్లేదన్నమాట. దీన్ని అందరూ ఒప్పుకోరు. దక్షిణపు వాలున పుట్టిన ఏరు వెనక్కి కోసుకుంటూ పోయి, అవతలి నదిని తనలోకి లాక్కుని ఉండవచ్చనేవారూ ఉన్నారు. ఒక్కో నదికి ఒక్కో కథ ఉండవచ్చు గనుక ఆ తగవును తొందరపడి తేల్చకు. ఏది నిజమైనా కొండ నదిని ఆపలేదన్న మాట మాత్రం నిలుస్తుంది.

రుతుపవనాన్ని ఆపుతోంది కదా, గోడ అంటే తప్పేమిటని నువ్వు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్నపూర్ణకు దక్షిణాన లుమ్లేలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన. వెనకనున్న జోమ్‌సోమ్‌లో 300 లోపే. వానకు అది గోడే, సందేహం లేదు. కానీ ఆ జోమ్‌సోమ్‌కే పొద్దెక్కాక కాళీగండకి లోయ వెంట దక్షిణపు గాలి ఎంత ఉధృతంగా ఎగువకు వీస్తుందంటే, విమానాలు ఉదయమే వచ్చి పోవాలి. అందుకే దేనికి గోడ, దేనికి దారి అని విడివిడిగా అడగమంటున్నాను.

అట్లాసు తెరిచి, గంగ వైపు పారే నీటినీ టిబెట్ వైపు పారే నీటినీ విడదీసే గీతను పెన్సిల్‌తో గీసి నాకు పంపు. అది ఎవరెస్టు మీదుగా పోతుందనుకుని మొదలుపెట్టకు. ముందు అరుణ్ ఎక్కడ పుట్టిందో వెతుక్కో.

ఆశీస్సులతో,
తాతయ్య