హైడెల్‌బర్గు కొండబండి: బావి గిలక పాఠము

బావి గిలకపై తాడు వేసి, రెండు చివరలా బొక్కెనలు కట్టి నీరు తోడిన పెద్దలు మనలో పలువురున్నారు. నిండు బొక్కెన పైకి వచ్చుచుండగా ఖాళీది తన బరువుతో దిగి చేతికి సాయపడును. మన పిల్లలు ఆ బావిని చూచి ఉండరు గాని, హైడెల్‌బర్గులో ఆ బొక్కెనలోనే కూర్చుండి కొండ ఎక్కవచ్చును!

న్యూయార్కులోని కోనీ ఐలండున లూనా పార్కు 1903లో తెరచినారు. విద్యుచ్ఛక్తి సామాన్యుల వినోదమునకు వచ్చిన కాలమది. 1907 వేసవిలో ఇచ్చట మోల్కెన్‌కూర్ నుండి కోనిగ్‌ష్టూల్ శిఖరమునకు తాడుబండి మొదలైనది. నాటి కొయ్య పెట్టెలే నేటికీ నడుచుచున్నవి. దిగువ భాగము ఇంకను పాతది, 1890 నాటిది. మొదట్లో పై పెట్టె తొట్టిలో నీరు నింపి, ఆ బరువుతోనే క్రింది పెట్టెను లాగించెడివారు.

ఒకే తాటికి రెండు పెట్టెలు. వాటి బరువులు ఒకదానితో ఒకటి సరితూగును. మోటారు మోయవలసినది ముఖ్యముగా ప్రయాణికుల తేడాయే. పైకి ఇరవై మంది ఎక్కువగా పోవుచున్నారనుకొందము. మనిషికి 60 కిలోలు, ఎత్తు సుమారు 260 మీటర్లు. 1200 × 9.8 × 260 = దాదాపు 30.6 లక్షల జౌళ్ళు, అనగా 0.85 యూనిట్ల కరెంటు. రాపిడి ఖర్చు వేరు. సాయంకాలము అందరూ దిగునపుడు లెక్క తలక్రిందులగును. అప్పుడు మోటారు పని లాగుట కాదు, నిలువరించుట.

“తాడు తెగితేనో?” అని పిల్లలు తప్పక అడుగుదురు. బావిలోనైతే బొక్కెన మునుగును. ఇట్టి బండ్లలో ప్రతి పెట్టెకు తన బ్రేకు తనకుండును. తాడు వదులైన క్షణమున అది పట్టుకారు వలె పట్టాను బిగించును. మోటారుతో దానికి నిమిత్తము లేదు.