అరుదైన ఓపెన్ కారులు: వాని వెల, వాని విలువ

ఈ సంవత్సరము మా పాఠశాల చర్చాసంఘమున పై తరగతుల విద్యార్థు లొక వింత విషయమును ముందునకు దెచ్చిరి. "టాపు మడచుటకు వీలైన పాత కారులకు, అవి అరుదైనవను కారణముచేత లక్షలకొలది డాలర్లు చెప్పుచున్నారు గదా! అవి అంత వెల చేయునా?" అనునది వారి ప్రశ్న. మొదట మేము నవ్వితిమి. మా ఊరి వీధులలో అట్టి బండి యొక్కటియు లేదు. ఉన్నను మే నెల యెండలో దాని టాపు దీయువాడుండడు. అయినను ఆలోచింపగా, ఒక వస్తువునకు వెల యెట్లేర్పడునను పాఠ మీ ప్రశ్నయందే యిమిడియున్నదని తోచెను. కావున లెక్కల తరగతియు, చరిత్ర తరగతియు కలిసి యొక వారము దినములు దీనిపై పనిచేసినవి. ఆ పనిలో మేము గ్రహించినదాని నిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా వస్తువును గూర్చి రెండు మాటలు. ఇంగ్లీషువారు కన్వర్టిబుల్ అనుదానిని మనవారు ఓపెన్ కారు అందురు. గుడ్డతో చేసిన కప్పును మడచి వెనుకకు నెట్టిన, బండి తెరపగును. చూచుటకిది సామాన్య కారునకు కప్పు తీసివేసినట్లే యుండును గాని, కట్టుబడిలో భేదము కలదు. మూసిన కారులో పైకప్పు కూడ బరువును మోయును. అగ్గిపెట్టెను పై తొడుగుతో నున్నప్పుడు మెలిపెట్టి చూడుడు. తొడుగు తీసి లోపలి పళ్లెమును మాత్రమే మెలిపెట్టి చూడుడు. భేదము వెంటనే తెలియును. అందుచేత ఓపెన్ కారుకు క్రింది చట్రమును, తలుపుల క్రింది దూలములను ఎక్కువ ఇనుముతో బలపరుపవలెను. ఆ దూలములలో నీరు నిలిచి తుప్పుపట్టెనా, బండి నడుమ వంగును, తలుపులు సరిగా పడవు. పైన నిగనిగలాడు రంగును చూచి మోసపోయినవారు బాగుచేయించుటకే బండి ఖరీదును మించిన సొమ్ము పోయుట కలదు. ఈ సంగతి వెలను గూర్చిన చర్చలో తరచుగ మరచిపోబడుచున్నది.

ఇక అరుదుదనమను మాటకు వత్తము. ఇందులో రెండు విధములున్నవని మాకు తోచినది. ఒకటి తానై యేర్పడునది. రెండవది ప్రకటనచేత కల్పింపబడునది. రెండవదానికి కాడిలాక్ ఎల్డొరాడో కథకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు.

1970 తరువాత అమెరికాలో ఓపెన్ కారుల యమ్మకములు తగ్గిపోయెను. కారులో చల్లని గాలి యిచ్చు యంత్రములు వచ్చినవి. పెద్ద రహదారులపై వేగముగ పోవునప్పుడు తెరపి బండిలో గాలియు, చప్పుడును విసుగు పుట్టించుచుండెను. బండి తలక్రిందులైనప్పుడు లోనివారిని కాపాడుటకై ప్రభుత్వము క్రొత్త నిబంధనలు తెచ్చునను భయము కూడ నుండెను. ఒకటొకటిగా కంపెనీలవారు ఓపెన్ బండ్లను మానివేసిరి. 1976 నాటికి అక్కడి పెద్ద కంపెనీలలో కాడిలాక్ ఒక్కటియే మిగిలెను. అమెరికాలో తయారగు కడపటి ఓపెన్ కారు ఇదియే యని లోకమునకు చాటబడెను. ఆ సంవత్సరము సుమారు 14,000 ఎల్డొరాడో ఓపెన్ బండ్లు తయారైనవి. కడపటి 200 బండ్లను ఒకే తీరున తెల్లరంగుతో, తెల్లని టాపుతో, ఎఱ్ఱని నీలపు సన్నగీతలతో అలంకరించిరి.

ఇంకేమున్నది! ఇట్టిది మరల పుట్టదని జనులు ఎగబడిరి. కంపెనీ వెల పదకొండువేల డాలర్లకు కొంచెము పైన నుండగా, దానికి రెట్టింపు పోసినవారును కలరు. కొందరు బండిని ఇంటికి తెచ్చి, నడుపక, గుడ్డ కప్పి కొట్టులో నుంచిరి. తమ బిడ్డల చదువునకు అది యక్కరకు వచ్చునని లెక్క వేసికొన్నవా రందు లేకపోయి యుందురా? ఆ తరువాత జరిగినది చూడుడు. 1982 లో క్రైస్లరువారు ఓపెన్ కారును మరల అంగడికి తెచ్చిరి. 1984 సంవత్సరపు నమూనాగా కాడిలాక్‌వారే మరల ఓపెన్ ఎల్డొరాడోను విడుదల చేసిరి. కడపటిదని నమ్మి కొన్నవారిలో కొందరు తాము మోసపోతిమని న్యాయస్థానమున కెక్కిరి గాని, వారి వ్యాజ్యము నిలువలేదు.

ఈ కథ విన్నపిమ్మట లెక్కల తరగతివారు పలకలు పట్టిరి. 1976 లో పదకొండువేల డాలర్లను నూటికి అయిదు వంతున చక్రవడ్డీకి నలువది సంవత్సరము లుంచిన, అది 77,000 డాలర్లు దాటును. బాగుగ కాపాడబడిన 1976 ఎల్డొరాడో యొకటి యిటీవలి కాలమున సామాన్యముగ ఇరువది, ముప్పదివేల డాలర్లకు దొరకుచున్నది. అంతియేకాదు, వస్తువుల ధరలు పెరిగినందున 1976 నాటి పదకొండువేల డాలర్లు 2024 నాటి అరువదివేల డాలర్లకు సమానము. కావున కొట్టులో దాచినవాడు వడ్డీని మాత్రమే గాక అసలులో సగమును గూడ పోగొట్టుకొన్నాడన్నమాట. టైర్లు ఎండి పగులుట, టాపు గుడ్డ చివుకుట, కొట్టు అద్దె, భీమా రుసుము మే మిందు చేర్చలేదు. పదునాలుగువేల బండ్లున్న వస్తువు అరుదైన దెట్లగునని ఎనిమిదవ తరగతి బాలుడొకడు అడిగెను. ఆ ప్రశ్నను 1976 లో పెద్దలు వేసికొనలేదు.

ఇప్పుడు తానై యేర్పడిన అరుదుదనమును చూతము. 1971 లో ప్లిమత్ కంపెనీవారు బారకుడా అను కారునందే 'కుడా' యను మేలి తరగతి బండిని, అందు హెమీ యను ఇంజనుతో నమ్మిరి. దహనము జరుగు గది అర్ధగోళాకారమున నుండుటచే ఆ ఇంజనుకా పేరు వచ్చినది. దాని పరిమాణము 426 ఘనపుటంగుళములు. బలము 425 అశ్వశక్తులు. దీనికై బండి వెలపై ఇంచుమించు తొమ్మిదివందల డాలర్లు అదనముగ నీయవలసియుండెను. భీమా కంపెనీలవారు ఇట్టి వేగపు బండ్లకు, అందును యౌవనులు నడుపువానికి, రుసుమును విపరీతముగ పెంచిరి. వేగము కోరువాడు బరువు తక్కువైన మూసిన బండినే కోరును. షికారు కోరువానికి ఇంత ఇంజను అక్కరలేదు. రెండును కావలెనన్నవారు బహు కొద్దిమంది. అందుచేత 1971 నమూనాలో ఓపెన్ హెమీ కుడాలు పదునొకండు మాత్రమే తయారైనవని సామాన్యముగ చెప్పుదురు. అనగా నాడెవ్వరికిని అక్కరలేకపోవుటయే నేటి అరుదుదనమునకు కారణము! అట్టి బండి యొకటి 2014 లో సియాటిల్ నగరపు వేలములో 35 లక్షల డాలర్లకు పోయెను.

ఇచ్చట మమ్ము ఆశ్చర్యపరచిన విషయ మొకటి కలదు. ఆ సంవత్సరపు బారకుడాల ముందరి యద్దము క్రింద ఒక చిన్న రేకుపై సంఖ్య చెక్కబడి యుండును. అందు మొదటి అక్షరము బండి జాతిని, రెండవది తరగతిని తెలుపును. తరువాతి 27 అను అంకె ఓపెన్ బండి యనుటకు గుర్తు. దాని ప్రక్కన 'ఆర్' అను అక్షరమున్న హెమీ ఇంజనుతో పుట్టిన బండి యని యర్థము. అదే సంవత్సరమున, అదే కర్మాగారమున తయారై, ఇంచుమించు అదే ఆకారము గలిగి, ఆ చోట వేరొక అక్షరమున్న బండి వెల అందులో చిన్న భాగమే. కూర్చున్నవానికి తగులు గాలి ఒక్కటే; కనబడు ఆకాశ మొక్కటే. లక్షలు పోయునది ఒక్క అక్షరమునకు!

కావుననే కొనువారు సంతలో ఎడ్లను కొనువానివలె వ్యవహరింతురు. మన రైతు ఎద్దు రంగును చూచి సొమ్మీయడు. నోరు తెరచి పండ్లు లెక్కించును, సుడులు చూచును, నడిపించి చూచును. ఆ రీతిగనే రేకుపైని సంఖ్యయు, ఇంజను దిమ్మపైని సంఖ్యయు సరిపోవుచున్నవా యని పరీక్షింతురు. కర్మాగారమున బండి కూర్చునప్పుడు పనివాండ్ర కొరకు వ్రాసిన కాగితము కొన్ని బండ్లలో నేటికిని ఆసనముల స్ప్రింగుల నడుమ దొరకును. నలిగిన ఆ కాగితమునకు బంగారపు విలువ. చిన్న ఇంజను గల బండిలో హెమీని బిగించి, పైకి సర్వము సరిగా నున్నట్లు చేయు నేర్పరులు లేకపోలేదు. దానిని మార్చినదని చెప్పి యమ్మిన తప్పు లేదు. చెప్పక యమ్మినదే దొంగతనము.

ప్రతిని గూర్చిన మాట వచ్చినది గనుక జాగ్వార్ ఎక్స్‌కెఎస్‌ఎస్ అను ఇంగ్లీషు బండి సంగతి కొంచెము చెప్పుదుము. 1957 ఫిబ్రవరి 12వ తేదీన కోవెంట్రీ నగరమందలి జాగ్వార్ కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగెను. పందెపు బండ్లను రహదారికి తగినట్లు మార్చి చేయుచుండిన ఈ ఓపెన్ బండ్లలో తొమ్మిది ఆ మంటలలో నాశనమయ్యెను. పదునారు మాత్రమే పూర్తియైనవి. 2016 లో ఆ కంపెనీవారే, కాలిపోయిన తొమ్మిదింటికి బదులుగ మరల తొమ్మిదింటిని పాత పద్ధతినే చేయుదుమనిరి. ఒక్కొక్కదాని వెల పది లక్షల పౌండ్లకు పైన. పాతవానిలో నొకటి 2023 లో కాలిఫోర్నియా వేలమున ఒక కోటి ముప్పది లక్షల డాలర్లకు పైగా పలికెను. ఆకారమొకటే, చేసినవారి పేరొకటే; అయినను వెలలో అంత యంతరము! ఆ యంతరమంతయు 1957 అను అంకెకే. అది పిచ్చియని మే మనము. తాత వ్రాసిన ఉత్తరమును దాని నకలును ఒకటే యని యెవ్వ రందురు? అయితే ఆ ఉత్తరమును కొనుటకై పొలము నమ్మువాడు పిచ్చివాడే.

పెద్ద లాభము వచ్చిన కథయు చెప్పకున్న న్యాయము కాదు. ఫెరారీవారి 275 జీటీబీ తరగతిలో, అమెరికాలోని వ్యాపారియగు లుయిగీ కినెట్టి కోరికపై 1967, 1968 సంవత్సరములలో ఓపెన్ బండ్లు చేయించిరి. ఇరువదియైదు చేయించవలెనని తలచిరి గాని, అమ్ముడుపోవనందున పదింటితో ఆపివేసిరి. అందొకటి నార్త్ కరోలినాలోని ఒక కుటుంబమువా రానాడు సుమారు పదునాలుగువేల డాలర్లకు కొని, నలువదియైదు సంవత్సరములు తమ యొద్దనే యుంచుకొనిరి. 2013 లో వేలము వేయగా 2 కోట్ల 75 లక్షల డాలర్లు వచ్చినవి. ఆ సొమ్మును ధర్మకార్యములకు ఇచ్చివేసిరి. లెక్కల తరగతివారు తేల్చినదేమనగా, ఇది యేటికి నూటికి సుమారు పదునెనిమిది వంతున చక్రవడ్డీ! ఏ బ్యాంకును ఈయదు. కాని ఆ కుటుంబము లాభమునకై కొనలేదు. తిరుగుటకై కొన్నది, తిరిగినది. మఱియు పత్రికల కెక్కునది ఈ యొక్క బండి. ఆ కాలముననే కొని, తుప్పుపట్టి, తుక్కుకు పోయిన వేల బండ్ల యజమానుల లెక్క యెవ్వరు వ్రాసిరి? తరగతిలో నూరుమందిలో మొదటివాని మార్కులను జూచి తరగతి యంతటి చదువును నిర్ణయించినట్లుండును.

మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. గాలికి, వెన్నెలకు ఓపెన్ కారు కోరువానికి ఈ వెలలు తగవు. ఆరు సిలిండర్ల సామాన్యపు బండి అదే సుఖము నిచ్చును, చెడిపోయిన భాగములు గూడ సులభముగ దొరకును. లాభమునకై కొనువానికి, 1976 నాటివారి కథ విన్నపిమ్మట మేము చెప్పవలసినది లేదు. పోయినను కుటుంబమునకు కొరత రాని సొమ్ముగలిగి, ఒక కాలపు పనితనమును కాపాడవలెనను కోరిక గలవాడు కొన్నయెడల మేము తప్పుపట్టము. అతడైనను సంఖ్యకు, కాగితమునకు సొమ్మీయవలెను గాని, చెప్పిన వెలకు గాదు.

చెప్పిన వెల వేరు, తెగిన వెల వేరు. సంతలో ప్రతి రైతునకు తెలిసిన యీ సంగతి పెద్ద వేలములలోను నిజమే. 2021 లో ఇండియానాపొలిస్ వేలమునకు 1971 నాటి ఓపెన్ హెమీ కుడా యొకటి వచ్చెను. పాట 48 లక్షల డాలర్ల వరకు పోయెను. అంతకు తక్కువకు ఈయనని యజమాని నిర్ణయించుకొన్న వెల ఇంకను పైన నున్నందున బండి అమ్ముడుపోలేదు. మా లెక్కల తరగతివారు నల్లబల్లపై ఆ మొత్తమును వ్రాసి, నూటికి అయిదు వంతున వడ్డీ కట్టిరి. ఏటికి 2,40,000 డాలర్లు. దినమునకు సుమారు 657 డాలర్లు. బండి కొట్టులో కదలక నిలిచియున్న ప్రతి దినమునకును.