పాము విషమే ప్రాణాధారం: వండూర్ నుంచి ఒక పాఠం

దక్షిణ అండమాన్‌లోని వండూర్‌లో అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ పరిశోధన కేంద్రం ఉంది. ఇది మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్ట్ విభాగంగా మొదలైంది. చెన్నై సమీపంలోని ఆ ట్రస్ట్ ఆవరణలోనే 1978లో ఏర్పడిన ఇరుల తెగ పాములవారి సహకార సంఘం కూడా పనిచేస్తోంది.

పాము చర్మాల వ్యాపారాన్ని నిషేధించడంతో ఇరులలు ఉపాధి కోల్పోయారు. వారి నైపుణ్యానికి సంఘం కొత్త దారి చూపింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను అనుమతితో పట్టి, కొన్ని వారాలపాటు విషం సేకరించి, తిరిగి వదిలేస్తారు. మందుల కంపెనీలు ఆ విషాన్ని స్వల్ప మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తాయి. వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధి చేస్తే యాంటీవీనమ్ సిద్ధమవుతుంది.

ఏటా 81 వేల నుంచి 1.38 లక్షల మంది పాముకాటుతో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2030 నాటికి ఈ సంఖ్యను సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్రతిరక్షకం ఏ విషానికి తయారైందో దానిపైనే బాగా పనిచేస్తుంది. అండమాన్ నాగు వేరే జాతి. దాని విషం ఈ మందు తయారీలో లేదు. అందుకే ఏ ప్రాంతపు పాములను ఆ ప్రాంతంలో ఎరిగిన మనుషులు, అధ్యయనం చేసే సంస్థలు కావాలి.

ఎక్కడ కాటు పడినా కట్టు బిగించకూడదు, గాయం కోయకూడదు. ఆ భాగాన్ని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.