ఉత్తుత్తి యాంటెన్నా

ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా. ఇది కథ కాదు, కవిత కాదు. సాహిత్య క్లబ్ పత్రికలో రెసిస్టర్ల గోలేంటి అని అడగొద్దు. ఎడిటర్ అక్క "తెలుగులో రాస్తే ఏ టాపిక్ అయినా వేస్తా" అంది, నేను ఆ మాట పట్టేసుకున్నాను. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకుపోండి. లెక్కల్లో తప్పులుంటే మాత్రం వచ్చి అడగండి.

నాకు హ్యామ్ రేడియో లైసెన్స్ వచ్చిన మూడో వారం. ఆదివారం పొద్దున్న రేడియో క్లబ్ రూమ్‌లో కూర్చున్నాను. మేమే అసెంబుల్ చేసిన 7 వాట్ల సెట్ అప్పుడే రెడీ అయింది. పవర్ సరిగ్గా వస్తోందో లేదో చూడాలి. మేడ మీద వైర్ యాంటెన్నా ఉంది కదా అని దానికే తగిలించి, మైక్ నొక్కి "హలో హలో, వన్ టూ త్రీ" అన్నాను. తర్వాత ఈల వేశాను. స్క్రూ కొంచెం తిప్పి మళ్లీ ఈల. ఇలా నాలుగైదు నిమిషాలు. రిసీవర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఉందని నేను చూసుకోలేదు.

వాల్యూమ్ పెంచాక వినపడింది: "ఎవరో ట్యూన్ చేసుకుంటున్నారు. కాస్త ఆగండి బాబూ, ఇక్కడ నెట్ నడుస్తోంది."

నెట్ అంటే, రోజూ ఒకే టైమ్‌కి ఒకే ఫ్రీక్వెన్సీ మీద హ్యాములు కలవడం. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. నేను ఈల వేస్తున్నప్పుడు కోస్తాలో ఒక పల్లె నుంచి రిటైర్డ్ మాస్టారు ఒకాయన మాట్లాడుతున్నారట. ఆయన సిగ్నల్ అసలే నీరసం. నా ఈల కింద ఆయన చెప్పిందంతా కొట్టుకుపోయింది. నా కాల్‌సైన్ చెప్పి సారీ అడిగాను. ఆయన తిట్టలేదు. "డమ్మీ లోడ్ లేదా నాన్నా?" అన్నారు, అంతే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇదేమంత పెద్ద విషయం అనిపించొచ్చు. 2004 డిసెంబర్ 26 గుర్తు చేసుకోండి. మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి టీమ్ అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది అండమాన్ నుంచి ప్రపంచంలోని హ్యాములతో మాట్లాడదామని. సునామీ వచ్చి ఫోన్లు పోయాక అదే రేడియో మీద మనుషుల క్షేమ సమాచారాలు పంపారు. అలాంటి రోజున ఆ ఫ్రీక్వెన్సీ మీద నాలాంటివాడు ఒకడు ఈల వేస్తూ కూర్చుంటే? అందుకే ఈ పాఠం.

అసలు డమ్మీ లోడ్ అంటే ఏంటి?

ట్రాన్స్‌మీటర్ పవర్ తయారు చేస్తుంది. యాంటెన్నా దాన్ని గాలిలోకి పంపిస్తుంది. డమ్మీ లోడ్ యాంటెన్నా ఉండాల్సిన చోట కూర్చుని, ఆ పవర్‌ని వేడిగా మార్చేస్తుంది. ట్రాన్స్‌మీటర్‌కి మాత్రం నిజం యాంటెన్నాయే తగిలించినట్టు ఉంటుంది. ఇదంతా ఫోన్‌లో చెప్తే అమ్మమ్మ "అంటే ఉత్తుత్తి ఏరియలా?" అంది. చిన్నప్పుడు ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి పెళ్లి ఆడుకున్నాం కదా, అలాగన్నమాట. నాకు ఇంతకంటే మంచి తెలుగు మాట దొరకలేదు.

"ఏమీ తగిలించకుండా టెస్ట్ చేస్తే పోలా?" అని నేనూ అడిగాను. పోదు. పోవాల్సిన చోటు లేకపోతే పవర్ కేబుల్ చివరి నుంచి వెనక్కి తిరిగి వస్తుంది. దాంతో ఆఖరి ట్రాన్సిస్టర్ మీద వోల్టేజ్ గానీ కరెంట్ గానీ బాగా పెరిగి అది కాలిపోవచ్చు.

మన సెట్లూ కేబుళ్లూ ఎక్కువగా 50 ఓమ్‌లకి డిజైన్ చేసి ఉంటాయి. కాబట్టి డమ్మీ లోడ్ కూడా 50 ఓమ్‌లే ఉండాలి. అప్పుడు పవర్ ఏమీ వెనక్కి రాదు, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ 1 చూపిస్తుంది.

మేం చేసిన మొదటి తప్పు

మాస్టారి మాట విన్న సాయంత్రమే షాపుకి వెళ్లి తెల్లటి సిమెంట్ రెసిస్టర్ ఒకటి తెచ్చాం. 47 ఓమ్‌లు, 10 వాట్లు. మల్టీమీటర్ 47 చూపించింది. 50కి దగ్గరే కదా అని తగిలించాం. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ముల్లు 2 దాటేసింది.

తప్పు ఎక్కడుందంటే, ఆ తెల్ల రెసిస్టర్ లోపల సన్నటి తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. చుట్ట అంటే కాయిల్. మల్టీమీటర్ డీసీతో కొలుస్తుంది కాబట్టి దానికి చుట్ట సంగతి తెలీదు. కానీ 7 మెగాహెర్ట్జ్ దగ్గర 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ అడ్డుపడేది దాదాపు 44 ఓమ్‌లు. 47 ఓమ్‌లకి అది తోడైతే ఎస్‌డబ్ల్యూఆర్ సుమారు 2.4. అంటే దాదాపు 17 శాతం పవర్ వెనక్కి వస్తుంది. అదే రెసిస్టర్‌ని 145 మెగాహెర్ట్జ్ దగ్గర వాడితే ఆ 44 కాస్తా 900 దాటుతుంది.

బల్బు కూడా ఇలాగే మోసం చేస్తుంది. పాతకాలపు 230 వోల్టుల 100 వాట్ల ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 40 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. పూర్తిగా వెలిగితే 529 ఓమ్‌లు (230 × 230 ÷ 100). మధ్యలో ఎంత పవర్ ఇస్తే అంతకి తగ్గట్టు మారుతూనే ఉంటుంది. పైగా చుట్టూ కవచం లేని తీగ కాబట్టి కొంత సిగ్నల్ గాలిలోకి పంపిస్తుంది. వెలుగు చూసి ఆనందించొచ్చు గానీ కొలతకి పనికిరాదు.

ఈ రెండింటి నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. డమ్మీ లోడ్ 50 ఓమ్‌లు ఉంటే చాలదు. మనం వాడే ఫ్రీక్వెన్సీలో, వేడెక్కాక కూడా 50 ఓమ్‌లే ఉండాలి.

కొనేముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటిది, ఏ ఫ్రీక్వెన్సీ వరకు? షార్ట్‌వేవ్ వరకే అయితే ఇంట్లో చేసుకున్నది చాలు. వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ హ్యాండ్‌సెట్లకి అయితే ఆ ఫ్రీక్వెన్సీ వరకు పనిచేస్తుందని రాసి ఉన్న రెడీమేడ్ లోడ్ కొనడం మంచిది. ఎందుకంటే 1 సెంటీమీటర్ తీగ కూడా సుమారు 10 నానోహెన్రీ. 2 సెంటీమీటర్ల కాలు వదిలేస్తే 7 మెగాహెర్ట్జ్ దగ్గర 1 ఓమ్ కూడా కాదు. 145 దగ్గర మాత్రం 18 ఓమ్‌లు.

రెండోది, ఎన్ని వాట్లు, ఎంతసేపు? ఈ రెండూ కలిపే అడగాలి. ఎస్ఎస్‌బీలో మాట్లాడుతున్నప్పుడు సగటు పవర్ పీక్ కంటే చాలా తక్కువ. ఎఫ్ఎమ్‌లో మైక్ నొక్కినంతసేపూ ఫుల్ పవరే. ఎఫ్‌టీ8లో ప్రతి 15 సెకన్ల వంతులో 12.64 సెకన్లు ఫుల్ పవర్. "100 వాట్లు" అని రాసి ఉన్న చిన్న లోడ్ చాలాసార్లు కొన్ని సెకన్ల వరకే 100 వాట్లు. పక్కనే ఉండే టైమ్ టేబుల్ చదవకుండా కొనొద్దు.

మూడోది, ఆ వేడి ఎటు పోతుంది? చిన్న పవర్ అయితే గాలి చాలు. 100 వాట్లు దాటితే అల్యూమినియం హీట్‌సింక్ మీద బిగించిన రెసిస్టర్ గానీ, నూనె గానీ కావాలి. అమెరికాలో హీత్‌కిట్ వాళ్ల "క్యాంటెన్నా" చాలా ఫేమస్. ఒక గ్యాలన్ డబ్బా నిండా నూనె, అందులో ముంచిన ఒక రెసిస్టర్, అంతే. కొద్దిసేపైతే 1 కిలోవాట్ తట్టుకుంటుంది. నూనె ఎందుకంటే, 100 వాట్లు 10 నిమిషాలు ఇస్తే 60,000 జూల్స్. దాన్ని ఒక లీటర్ నూనెకి ఇస్తే వేడి సుమారు 37 డిగ్రీలు పెరుగుతుంది. రెసిస్టర్ ఒక్కటే భరించాల్సింది డబ్బా మొత్తం పంచుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి తీసిన నూనె వాడొద్దు, అందులో పీసీబీ అనే విష రసాయనాలు ఉండొచ్చు. అలాగే కొన్ని పెద్ద పవర్ రెసిస్టర్ల సెరామిక్‌లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది. వాటిని పగలగొట్టడం, ఆకురాయితో రాయడం చేయొద్దు. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం.

మా డబ్బా

చివరికి మేం చేసింది ఇది. 1 కిలోఓమ్, 2 వాట్ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20. అన్నీ పారలల్‌గా కలిపితే 1000 ÷ 20 = 50 ఓమ్‌లు. వాట్లు 20 × 2 = 40. కానీ డబ్బాలో కుక్కితే గాలి ఆడదు కాబట్టి దాన్ని సగానికి, అంటే 20 వాట్లకే లెక్కేసుకున్నాం. మా సెట్ 7 వాట్లే. ఫిల్మ్ రెసిస్టర్‌లో కూడా కొంచెం ఇండక్టెన్స్ ఉంటుంది గానీ, 20 పారలల్‌గా ఉంటే అది కూడా దాదాపు ఇరవయ్యో వంతు అవుతుంది.

గుండ్రంగా కోసిన రెండు రాగి పూత బోర్డులు తీసుకుని, మధ్యలో రెసిస్టర్లని మండపం స్తంభాల్లా నిలబెట్టి, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేశాం. బీఎన్‌సీ కనెక్టర్ మధ్య పిన్ ఒక బోర్డుకి, బాడీ రెండోదానికి. దీన్నంతా గాలికి చిల్లులు పెట్టిన పాలపొడి డబ్బాలో బిగించాం. నానో వీఎన్ఏతో చూస్తే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.05, 30 దగ్గర 1.1. 145 దగ్గర 2 దాటింది. అందుకే డబ్బా మీద "30 వరకే" అని మార్కర్‌తో రాశాం.

పవర్ కొలవడానికి 1ఎన్4148 డయోడ్ ఒకటి, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కలిపాం. డయోడ్ పీక్ వోల్టేజ్‌ని పట్టి కెపాసిటర్‌లో ఉంచుతుంది, మల్టీమీటర్ దాన్ని డీసీగా చదువుతుంది. మాకు 25.8 వోల్టులు వచ్చింది. డయోడ్ తినేసే 0.6 కలిపితే 26.4. పవర్ = పీక్ వోల్టేజ్ × పీక్ వోల్టేజ్ ÷ 100. అంటే 26.4 × 26.4 ÷ 100, సుమారు 7 వాట్లు. ఆ డయోడ్ మీద పీక్‌కి రెట్టింపు రివర్స్ వోల్టేజ్ పడుతుంది కాబట్టి 12 వాట్లు దాటితే ఈ చిట్కా వద్దు.

వాడేటప్పుడు

ముందు వినండి. డబ్బాలో ఉన్నా కొంచెం సిగ్నల్ బయటికి కారుతుంది, దగ్గర్లో ఉన్న రిసీవర్‌కి వినపడుతుంది. కాబట్టి ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకోండి. తక్కువ పవర్‌తో మొదలుపెట్టండి. పది సెకన్లు నొక్కితే అరనిమిషం ఆగండి. నొక్కి ఉండగా కేబుల్ మార్చొద్దు. ఆపిన వెంటనే రెసిస్టర్లని ముట్టుకోవద్దు, నా వేలి మీద మచ్చ ఇంకా ఉంది.

ఇంకో సంగతి. డమ్మీ లోడ్‌కి ఎస్‌డబ్ల్యూఆర్ 1 ఉంటుంది, కానీ దాని మాట ఎవరికీ వినపడదు. కాబట్టి రేపు మీ యాంటెన్నాకి 1 వచ్చిందని అప్పుడే పండగ చేసుకోకండి. పవర్ వెనక్కి రాలేదని మాత్రమే దానర్థం. అది గాలిలోకి వెళ్లిందా, కేబుల్లో వేడిగా మారిపోయిందా అనేది మీటర్ చెప్పదు.

హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ గారు బిట్‌ఎక్స్ అనే చిన్న ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశారు. ప్రపంచమంతటా హ్యాములు దాన్ని ఇళ్లలో కట్టుకున్నారు. మనలో ఎవరైనా అలాంటిది కట్టాలనుకుంటే, మొదట కట్టాల్సింది ఈ ఇరవై రెసిస్టర్ల డబ్బా అని నా సలహా.

తర్వాతి ఆదివారం సెట్‌ని డబ్బా మీద సరిచేసుకుని, ఆ తర్వాతే యాంటెన్నా తగిలించాను. పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా విన్నాను. మాస్టారు మాట్లాడటం అయిపోయింది. నెట్ నడిపే ఆయన "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాక నా కాల్‌సైన్ చెప్పాను. మాస్టారు గుర్తుపట్టారు. "ఈలేది నాన్నా ఇవాళ?" అని నవ్వారు. డబ్బాలో వేశానండీ అన్నాను.

ఆ డబ్బా రేడియో క్లబ్ రూమ్‌లో కిటికీ పక్కన ఉంటుంది. మూత మీద "ఉత్తుత్తి యాంటెన్నా" అని రాసి ఉంది. ఎవరికి కావాలన్నా తీసుకెళ్లండి. చల్లారాక తెచ్చి పెట్టండి.